ఉత్తినే తిరిగొచ్చిన పెట్టె

సముద్రానికి ఆ వాసన ఎక్కణ్ణించి వస్తుందో కొలవడం నా ఉద్యోగం. చేరిన కొత్తలో మా అమ్మకి ఈ ముక్క చెబితే, కొబ్బరికాయ పీచు తీస్తున్నదల్లా ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "వాసన సూసినందుకు జీతమిత్తారేటే? అలగైతే సంద్రం ఒడ్డున బారువలో అందరికీ ఇవ్వాల!" అంది. రిటైరై పలాస వచ్చి ఇల్లు కట్టుకున్నాక కూడా ఆ మాటకి నా దగ్గర సరైన జవాబు లేదు.

ఈమధ్య టెక్కలిలో ఒక కాలేజీవాళ్ళు పిలిస్తే వెళ్ళాను. శాలువా కప్పారు, మైకు మూడుసార్లు మొరాయించింది, ప్రిన్సిపాల్ గారు నా పరిచయంలో నేను చేయని పనులు కూడా చెప్పారు. అంతా అయ్యాక వెనక వరసలో ఒక పిల్ల లేచి, "మేడమ్, మీ సర్వీసు మొత్తంలో మీకు బాగా గుర్తుండిపోయిన ఫలితం ఏదండీ?" అని అడిగింది. నేను మబ్బుల గురించీ వాతావరణం గురించీ గంభీరంగా ఏదో చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక నా మీద నాకే చిరాకేసింది. నాకు గుర్తుండిపోయిన ఫలితం అది కాదు. ఒక చదునైన గీత. ఎత్తూ లేదు, పల్లమూ లేదు, ఇందులో ఏమీ లేదని చెప్పే గీత. దాని కోసం ఒక ఓడలో కొంతమంది పెద్దమనుషులు తిండి మీద విసుక్కున్నారు, ఒక ఆడపిల్ల ఏడ్చింది, ఒక వంటాయన పరువు పోగొట్టుకున్నాననుకున్నాడు. అమ్మాయీ, నువ్వు ఇది చదువుతుంటే, ఆ రోజు నీకు చెప్పాల్సిన జవాబు ఇదీ.

ముందు పని సంగతి, కథకి కావలసినంత వరకే. సముద్రం పైపొరలో కంటికి ఆనని మొక్కలుంటాయి. ఆకు లేదు, వేరు లేదు, ఒక్కో మొక్కా ఒక్కటే కణం. ఉప్పునీళ్ళలో, అందులోనూ గడ్డకట్టే చలిలో బతకాలి కాబట్టి, గంధకం కలిసిన ఒక పదార్థాన్ని అవి ఒంట్లో దాచుకుంటాయి. అదే వాటి కంబళి. ఆ మొక్కని ఏ రొయ్యపిల్ల కొరికినా, దాని ఆయువు తీరి అదే చచ్చినా, ఆ పదార్థం బయటికొచ్చి విరిగి ఒక వాయువవుతుంది. పేరు డైమిథైల్ సల్ఫైడ్, మేం ముద్దుగా డీఎంఎస్ అంటాం. ఒడ్డున నిలబడి 'ఆహా, సముద్రం వాసన' అంటామే, అందులో చాలా వాటా దానిదే. అది గాల్లోకి లేచి, రూపం మారి, మబ్బు కట్టడానికి విత్తనంగా పనికొస్తుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎంత పుడుతుందన్నదే తేలని లెక్క. దక్షిణాన మంచు సముద్రంలో, ఎండాకాలం మంచు కరిగే అంచు దగ్గర ఈ మొక్కలు ఒక్కసారిగా విరగబడి పెరుగుతాయి. ఆ అంచు నీళ్ళు తోడి కొలవడానికి మమ్మల్ని ఓడెక్కించేవారు.

ఒక సీసా నీళ్ళలో ఆ వాయువు ఉండేది ఆవగింజలో అరవయ్యో వంతు కూడా కాదు. దాన్ని పట్టే యంత్రానికి ముక్కు చాలా చురుకు. వాయువు కనిపిస్తే తెర మీద గీత కొండలా లేస్తుంది. ఎంత ఎక్కువుంటే అంత పెద్ద కొండ. అందుకే ప్రతిసారీ సముద్రపు నీళ్ళ సీసాలతో పాటు, ఏ వాసనా లేకుండా శుద్ధిచేసిన నీళ్ళ సీసాలు కూడా కొన్ని పెడతాం. వాటిని బ్లాంక్ అంటాం. బ్లాంకు గీత చదునుగా రావాలి. అందులోనూ కొండ లేచిందంటే ఎక్కడో కల్తీ జరిగిందని అర్థం, ఆ రోజు కొలతలన్నీ నీళ్ళపాలు.

ఆ చదును గీత వచ్చిన ఏడాది ఓడ విదేశీయులది, పరిశోధన మనది, అదృష్టం కొద్దీ వంట కూడా మనదే. మా అందరికీ పెద్ద ఒక బెంగాలీ ఆయన. నెమ్మదస్తుడు, గొంతు లేపడు. కోపం వస్తే కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు. ఆయన కళ్ళద్దాలు ఎంత తళతళలాడుతుంటే మాకు అంత భయం.

నా కింద ఒక పరిశోధక విద్యార్థిని ఉండేది. కవిటి దగ్గర పల్లె వాళ్ళది, నాన్న కొబ్బరి రైతు. ఉద్దానంలో ఎన్నో ఇళ్ళలోకి చొరబడిన కిడ్నీ జబ్బు వాళ్ళింటికీ వచ్చింది. ఆయన పలాస వచ్చి డయాలసిస్ చేయించుకుని వెళ్తుండేవాడు. అంతకుముందు ఏడాది ఓడలో చోటు దొరికితే, నాన్నని వదల్లేక ఈ పిల్లే మానుకుంది. ఇక ఇదే ఆఖరు. ఫెలోషిప్ ఆ ఏటితో సరి. మంచు అంచు కొలతలు లేకుండా ఆమె థీసిస్ లేదు, ఇన్నేళ్ళ చదువుకి చివర పట్టా లేదు. ఈసారీ వెనకాడుతుంటే తండ్రే కసిరి పంపాడట. "నా రగతం మిషను వడగడతాదిలే. నువ్వెల్లి నీ సంద్రం వడగట్టుకో" అని. ఆ మాట నాకు చెప్పేటప్పుడు నవ్వింది గానీ, కళ్ళు తుడుచుకుంది.

ఇక వంటాయన. బారువ మనిషి. తాతముత్తాతలనాటి నుంచీ వేట, ఇతనొక్కడే వల వదిలి గరిటె పట్టాడు. ఓడెక్కిన రోజునే నేను నోరు విప్పగానే పట్టేశాడు.

"అప్పా, మీది మనవైపేటి?"

"సోంపేట పక్కన తమ్ముడూ."

"ఓలమ్మ! ఏడు సంద్రాలు దాటొచ్చినా మనోలే తగిలినారు!"

అంతే, ఆ క్షణం నుంచి నేను అతనికి అప్పనీ, అంటే అక్కననీ, మా విద్యార్థిని మేనకోడలనీ ఖాయమైపోయింది. ఆ పిల్ల 'మావా' అనేది. చేపలు పట్టే కులంలో పుట్టి వండటమేమిటని ఎవరైనా వేళాకోళమాడితే, "సంద్రం మీదే ఉన్నాను కదా. పట్టడం మానీసి వొండుతున్నాను, అంతే తేడా" అనేవాడు.

దక్షిణానికి పోయేకొద్దీ స్టోర్లో కూరగాయలు ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. బెండకాయలు ముందు పోయాయి, తర్వాత టమాటాలు. చివరికి బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, క్యాబేజీ మిగిలాయి. అతను క్యాబేజీకి ఆవ పెట్టాడు, పెసరపప్పు వేశాడు, వేపుడు చేశాడు, పులుసు కాచాడు. ఎన్ని వేషాలు వేయించినా క్యాబేజీ క్యాబేజీయే. దాన్ని ఓర్చుకోవాలంటే పెరుగుండాలి. పెరుగు తోడుకోవడం లేదు. స్టోర్లో పెడితే చలి. పొయ్యి పక్కన పెడితే ఓడ ఊగుడికి గిన్నె నిలవదు. పెరుగన్నం లేక మా దక్షిణాదివాళ్ళ మొహాలు వాడిపోయాయి.

ఒకరోజు నా దగ్గరికొచ్చాడు. "అప్పా, సల్లగా ఉంచీ పెట్టెలు మీకాడ ఉన్నాయి కదా. అయ్యి యెచ్చగా కూడా ఉంచుతాయేటి?"

ఉంచుతాయి. చలిని లోపలికి రానివ్వని గోడ వేడిని బయటికీ పోనివ్వదు. కొలిచేదాకా నీళ్ళ సీసాల్ని చల్లగా ఉంచే మందపాటి గోడల పెట్టె ఒకటి ఖాళీగా ఉంటే ఇచ్చాను. అందులో సీసాలు కదలకుండా కన్నాలున్న స్పాంజి పలక ఉంటుంది, దాన్ని తీసి అడుగున గిన్నె బిగించుకోమన్నాను. మర్నాడు భోజనాల దగ్గర గడ్డపెరుగు. బెంగాలీ పెద్దాయన కూడా గిన్నె నాకినంత పని చేశాడు. కావలసినన్నాళ్ళు వాడుకుని, తనకి వేరే ఏర్పాటు కుదిరాక, పెట్టె శుభ్రంగా కడిగి ల్యాబులో మిగతావాటి పక్కన పెట్టి వెళ్ళాడు. నేను అప్పుడు డెక్కు మీదున్నాను. తిరిగొచ్చి చూస్తే పెట్టె తళతళలాడుతోంది, స్పాంజి పలక యథాస్థానంలో ఉంది. మంచి మనిషి అనుకున్నాను.

మంచు అంచుకి చేరిన రోజు ఎండ కాసింది. అక్కడ ఆ కాలంలో పొద్దు గుంకదు కాబట్టి రోజంటే ఎక్కణ్ణించి ఎక్కడికో చెప్పడం కష్టం. నీళ్ళు ఆకుపచ్చగా, పలచటి గోంగూర పులుసు రంగులో ఉన్నాయి. అంటే మొక్కలు విరగబడి ఉన్నాయన్న మాట. మా పిల్ల రంగంలోకి దిగింది. నీళ్ళు తోడింది, సీసాలు నింపింది, బుడగ లేకుండా బిరడాలు బిగించింది, పెట్టెలో పేర్చింది. పక్కనే బ్లాంకు సీసాలు పెట్టింది. అన్నీ పద్ధతి ప్రకారమే చేసింది.

యంత్రానికి మొదటి సీసా ఇవ్వగానే గీత కొండలా లేచింది. అలాంటి ఇలాంటి కొండ కాదు, మహేంద్రగిరి. రెండోదీ అంతే, మూడోదీ అంతే. వార్త ఓడంతా పాకింది. పెద్దాయన వచ్చి తెర ముందు నిలబడి, "ఇంత ఎక్కువ నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల బుగ్గలు ఎర్రబడ్డాయి. నాన్నకి ఫోన్ ఎప్పుడు కలుస్తుందని రేడియో గదివాళ్ళని అడిగి కూడా వచ్చింది.

నాదో పాడు బుద్ధి. ఎక్కువ ఆనందం చూస్తే అనుమానం. "ముందు బ్లాంకు నడుపు" అన్నాను.

బ్లాంకులోనూ కొండ లేచింది.

ఇంకో బ్లాంకు పెట్టాం. ఇంకో కొండ. పెద్దాయన కళ్ళజోడు తీశాడు. చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు. "కల్తీ ఎక్కడో కనుక్కోండి. అప్పటిదాకా నీళ్ళు తోడిన ఈ స్టేషన్ లెక్కలోకి రాదు" అని చెప్పి వెళ్ళిపోయాడు. అందులో ఆయన తప్పేం లేదు. నేనైనా అదే అంటాను.

అదృష్టమో దురదృష్టమో, బయట సముద్రంలో గాలి ముదిరింది. కెప్టెన్ ఓడని మంచు పలకల మధ్యకి తోలి నిలిపేశాడు. మంచు అలల్ని అణిచేస్తుంది, లోపల ఓడ గోదాంలో బస్తాలా కదలకుండా కూర్చుంటుంది. గాలి తగ్గగానే ఉత్తరానికి తిరుగు ప్రయాణం. ఈలోగానే మేం దొంగని పట్టుకోవాలి.

గొట్టాలు మార్చాం. సిరంజిలు మార్చాం. గ్యాస్ సిలిండర్ మార్చాం. శుద్ధినీళ్ళు మళ్ళీ మరిగించి, కొత్త సీసాల్లో పోసి, అదే పెట్టెలో పెట్టి, మళ్ళీ నడిపాం. కొండ తగ్గలేదు. అప్పుడు నా తెలివి వంటింటి మీదికి పోయింది. ఉడుకుతున్న క్యాబేజీ కూడా ఇదే వాయువుని వదులుతుంది. ఇది నిజం, కావాలంటే పుస్తకాల్లో చూసుకోండి. పైగా వంటింటి పొగగొట్టం మా ల్యాబుకి గాలి తెచ్చే గొట్టానికి దగ్గరే. దొరికాడు దొంగ అనుకుని చరచరా వంటింట్లోకి నడిచాను.

"తమ్ముడూ, ఇకమీదట నేను చెప్పేదాకా క్యాబేజీ వండకు."

"ఏలప్పా?"

"దాని కంపూ నేను కొలిచే వాసనా ఒకటే. మా పిల్ల చదువంతా పాడైపోతోంది."

గరిటె గట్టు మీద పెట్టాడు. "కంపా? నా క్యాబేజీ కంపా? అది మానీమంటే మరేటి వొండమంటారు? నా బుర్ర వొండమంటారా?"

"బంగాళాదుంపలు నేవేటి?" కోపంలో నాకూ యాస తన్నుకొస్తుంది.

"రెండు పూటలా దుంపలే ఎడితే రేపు అందరూ కలిసి నన్నే వొండుకుని తినీత్తారు! మీకేటి, మీరు ల్యాబులో తలుపేసుకుని కూకుంటారు."

అన్నాడే గానీ, మేనకోడలి చదువు మాట విన్నాక క్యాబేజీ ముట్టుకోలేదు. పొద్దున దుంపల కూర. మధ్యాహ్నం దుంపల వేపుడు. భోజనాల గదిలో అందరి విసుగూ నా మీదే. బ్లాంకు మళ్ళీ నడిపాం. కొండ చెక్కుచెదరలేదు.

ఆ పిల్ల మాత్రం ఏడవలేదు, విసుక్కోలేదు. అది చూసే నాకు భయమేసింది. స్టూలు మీద కూర్చుని, "మేడమ్, నాన్నకి ఏమని చెప్పను?" అంది. నేను ఇంకో బ్లాంకు సీసా తీసి ఆమె చేతికిచ్చాను.

అప్పుడే వంటాయన టీ పట్టుకుని స్వయంగా ల్యాబుకొచ్చాడు. మొహం ఇంకా ముడుచుకునే ఉంది. కప్పులు టక్కుమని పెట్టాడు.

"ఏటప్పా, నా క్యాబేజీ పాపం తీరిందేటి?"

"లేదు తమ్ముడూ. నీ క్యాబేజీది ఏ తప్పూ లేదు. ఊరికే అన్నాను, మనసులో పెట్టుకోకు."

"సెప్పినాను కదా." ఒక్క ఊపిరి తీసుకున్నాడు. కోపం పోలేదని తెలుస్తూనే ఉంది. "క్యాబేజీకేమో పేర్లు ఎట్టినారు. రొయ్యలు మాత్రం గుటుక్కుమనిపించీసి, బాగున్నాయని ఒక్క ముక్క అన్నేదు."

"ఏ రొయ్యలు?"

"అదే అప్పా, పెట్టిలో ఎట్టినాను కదా."

"ఏ పెట్టెలో?"

"మీ పెట్టే! పెరుగు తోడెట్టింది."

నేను ఆ పిల్ల వైపు చూశాను. ఆ పిల్ల అప్పటికే పెట్టె దగ్గరుంది. సీసాలు తీసింది, స్పాంజి పలక ఊడబెరికింది. అడుగున, చదునుగా, పాత న్యూస్ పేపర్లో చుట్టి, పైన గుడ్డతో కట్టి, ఒక పొట్లం. బారువ ఎండురొయ్యలు. ఇంటి నుంచి తన కోసం తెచ్చుకున్నవాటిలోంచి పంచి పెట్టాడు.

మన వైపు పుట్టినవాళ్ళకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. పొరుగింటి గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఉత్తినే ఇవ్వం. ఇంట్లో ఏమీ లేకపోతే నాలుగు బియ్యం గింజలో చిటికెడు పంచదారో వేసి ఇస్తాం. అందులోనూ ఆడపడుచు చేతికి ఉత్త గిన్నె ఇవ్వడమా, కొంపకే మంచిది కాదు. ఏం పెట్టామో చెప్పం కూడా. చెబితే గొప్ప చెప్పుకున్నట్టు. గిన్నె తెరిచాక వాళ్ళే చూసుకుంటారు. ఇతను అదే చేశాడు. పైన పెడితే దారిన పోయేవాడు ఎగరేసుకుపోతాడని స్పాంజి కింద దాచాడు. ఇక రొయ్యల సంగతి మీరే ఊహించుకోండి. సముద్రపు మొక్కలు తిని పెరిగిన జీవి, ఎండబెట్టి మూత పెడితే ఏ వాయువు వదులుతుంది? మేం ప్రపంచం చివరిదాకా వచ్చి వెతుకుతున్నదాన్నే. మూసిన పెట్టెలో అది బిరడాల సందుల్లోంచి సీసాల్లోకీ పాకింది. ఆ మంచు అంచున మేం కొలిచి చప్పట్లు కొట్టిన మహేంద్రగిరి అచ్చంగా బారువ సరుకు.

మరి మాకు వాసన తెలియలేదా అంటారు. ఓడలో అందరికీ జలుబు. వాసనలు కొలిచి జీతం తీసుకున్నదాన్ని, ముక్కు కింద ఎండురొయ్యల్ని పసిగట్టలేకపోయాను. మా అమ్మ ఉంటే ఆ జీతం వెనక్కిచ్చేయమనేది.

ఆ పిల్ల పొట్లం చేతిలో పట్టుకుని ముందు నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపులోకి తిరిగింది. వంటాయనకి సంగతి మెల్లగా అర్థమైంది. అర్థమవుతున్నకొద్దీ అతని మొహం చూడలేకపోయాను.

"నా సేత్తో నా కోడలి సదువు ముంచీసినానేటప్పా?"

"నీకు తెలిసి చేసింది కాదు తమ్ముడూ."

"తెలిసినా తెలవకపోయినా ముంచడం ముంచడమే కదా. ఆ పెద్దాయనకాడికి పదండి. నానే సెప్తాను."

వద్దన్నా వినలేదు. ఏప్రాన్ విప్పి, చేతులు కడుక్కుని, కోర్టుకెళ్ళేవాడిలా మా వెంట వచ్చాడు. తన హిందీలో అంతా ఒప్పజెప్పాడు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. "కడిగిన పెట్టెలో అవి ఎందుకు పెట్టావ్?" అని మాత్రం అడిగాడు.

"సార్, ఇంటి ఆడకూతురికి పెట్టె ఉత్తినే ఎలా తిరిగిస్తాం?"

తుడవడం ఆగింది. కళ్ళజోడు పెట్టుకున్నాడు. "మా ఇంట్లోనూ ఇవ్వరు" అన్నాడు మెల్లగా. మేం ముగ్గురం ఊపిరి పీల్చుకునేలోగానే, "కానీ ఆ స్టేషన్ కొట్టేయాల్సిందే. మర్యాద మర్యాదే, అంకె అంకే" అన్నాడు.

గాలి పడిపోయింది. ఓడ కదలడానికి సిద్ధమవుతుండగా పెద్దాయన ల్యాబు తలుపు తట్టాడు. బయటికి పోయే దారి ఆ ఆకుపచ్చ నీళ్ళ పక్కనుంచే ఉందట. కెప్టెన్ని ఒప్పించాడు, కాసేపు ఓడ ఆపుతారు. ఒక్కసారి నీళ్ళు తోడుకోవచ్చు. ఒక్కసారే. "మీకు శుభ్రమైన పెట్టె ఉందా?" అని అడిగాడు.

లేదు. మిగతావన్నీ యాసిడ్ పోసి నిలవచేసిన సీసాలతో నిండి, సీలు పడి, కింది గోదాంలోకి పోయాయి. ఉన్నదల్లా రొయ్యల పెట్టే. ఆ పిల్ల నన్నడగలేదు. తిన్నగా వంటింటికి పరిగెత్తింది.

"మావా, నీ సేత్తోనే కడగాలి."

చేపల వాసన వదలగొట్టడం బారువవాళ్ళకి ఒకరు నేర్పాలా? చింతపండు పిప్పి పెట్టి తోమాడు. మరిగే నీళ్ళు పోశాడు, పారబోశాడు, మళ్ళీ పోశాడు. స్పాంజి పలకని నీళ్ళలో ఉడకబెట్టినంత పని చేశాడు. పెట్టెని డెక్కు మీద కట్టి, మూత తెరిచి, ఆ మంచు గాలికి ఎండబెట్టాడు. నిలబడి కాపలా కాశాడు కూడా, అక్కడేదో కాకులున్నట్టు.

తర్వాత రెండు చేతులతో ల్యాబుకి పట్టుకొచ్చాడు. మా ముందు మూత తీశాడు. పలక ఎత్తి అడుగు చూపించాడు.

"సూసుకోండప్పా. ఉత్తిదే."

పెట్టె ఇచ్చేశాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో దోపుకున్నాడు, తీశాడు, మళ్ళీ దోపుకున్నాడు. "మాయమ్మ సూత్తే సెంప పగలగొడతాది నన్ను" అన్నాడు. నవ్విద్దామనే అన్నాడు గానీ అతనికే నవ్వు రాలేదు. ఆ పిల్ల పెట్టెని గుండెకి ఆనించుకుని, "నాకు ఇదే కావాలి మావా. ఉత్తిదే కావాలి" అంది.

ఓడ ఆగింది. నీళ్ళు ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి. తోడింది, నింపింది, బిరడా బిగించింది, పేర్చింది. ల్యాబులో ఈసారి ఎవరూ చప్పట్లకి సిద్ధంగా లేరు. ముందు బ్లాంకే పెట్టాం. వంటాయన గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రానన్నాడు, తన ఒంటికి రొయ్యల వాసనుంటుందేమోనని.

గీత నడిచింది. నడిచింది. కొండ లేవాల్సిన చోటు వచ్చింది. దాటిపోయింది. చదును. సంక్రాంతి ముందు అలికిన వాకిలంత చదును.

"ఏటైందప్పా?" గుమ్మంలోంచి.

"ఏమీ లేదు తమ్ముడూ!"

"ఏటీ నేకపోతే మన ఆడగుంట ఏలప్పా అలగేడుత్తంది?"

"ఏమీ లేదనే ఏడుస్తోంది!"

అతనికి అర్థమైందో లేదో గానీ కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత సముద్రపు సీసాలు నడిపాం. కొండలు లేచాయి. మహేంద్రగిరులు కావు, ఓ మోస్తరు గుట్టలు. కానీ వాటిలో ప్రతి అంగుళం ఆ మంచు నీళ్ళదే. రికార్డు పోయింది, థీసిస్ దక్కింది. పెద్దాయన వచ్చి ఆ గుట్టల్ని కాదు, చదును గీతని వేలితో తడిమి, "ఇది బాగుంది" అన్నాడు. ఆ పూట అందరికీ ఎండురొయ్యలు వేసిన క్యాబేజీ. పెద్దాయన మారు వడ్డించుకున్నాడు. క్యాబేజీని ఎవరూ ఏమీ అనలేదు.

ఆ పిల్లకి పట్టా వచ్చింది. వాళ్ళ నాన్న థీసిస్ పుస్తకాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని దిగిన ఫోటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. ఆ పెట్టె పాతబడి, ల్యాబువాళ్ళు పారేస్తామంటే నేనే అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. నాకూ వంటాయనకీ మధ్య అదే తపాలా సంచి. నేను జీడిపప్పు పోసి బారువ పంపిస్తాను, అక్కణ్ణించి చేపలో రొయ్యలో వస్తాయి. అతను కూడా ఓడలు మానేసి ఊళ్ళోనే ఉంటున్నాడు.

టెక్కలి నుంచి వచ్చాక ఆ థీసిస్ మళ్ళీ తీశాను. ముందు పేజీల్లో కృతజ్ఞతలు చెప్పుకునే చోట నాన్న పేరు, గురువుల పేర్లు, ఆఖర్న ఒక వాక్యం ఇంగ్లీషులో ఉంది. పరీక్షకులకి అది అర్థం కాక ఆమెనే అడిగారట. వంటాయనకి ఎవరూ చదివి చెప్పి ఉండరు కదా అనిపించింది. పెట్టెలో జీడిపప్పు పోసుకుని, పుస్తకం సంచిలో వేసుకుని బారువ వెళ్ళాను. అరుగు మీద కూర్చోబెట్టి తెలుగు చేసి వినిపించాను: 'నా కోసం ఒకే ఒక్కసారి పెట్టెని ఉత్తినే తిరిగిచ్చిన మా మావకి.'

సంతోషిస్తాడనుకున్నాను. దిగ్గున లేచి నిలబడ్డాడు.

"ఉత్త పెట్టి ఇచ్చినానని పుత్తకంలో ఎక్కించీసిందేటి!"

"మెచ్చుకునే రాసింది తమ్ముడూ."

"మెచ్చుకుంటే మట్టుకు? ఎక్కడెక్కడోలు సదువుతారు కదప్పా దాన్ని! బారువోలు ఉత్త పెట్టెలు ఇత్తారనుకోరేటి? ఓలమ్మో, పరువు తీసీసింది!" లోపలి నుంచి వాళ్ళావిడ నవ్వు వినిపిస్తోంది. అతను ఆ నవ్వు పట్టించుకోలేదు. "ఇప్పుడెక్కడుందా గుంట?"

"మళ్ళీ ఆ మంచు వైపే వెళ్తోంది. ఈసారి బృందానికి తనే పెద్ద. వెళ్ళేముందు మా ఇంటికి వస్తానంది."

"ఆ పెట్టి ఇలగివ్వండి."

జీడిపప్పు చేటలో కుమ్మరించి పెట్టె లోపలికి పట్టుకుపోయాడు. ఎండురొయ్యలు తెచ్చాడు. ఎండు నెత్తళ్ళు తెచ్చాడు. ఇంకా సందుందని వాళ్ళావిడ చేత కొబ్బరుండలు పెట్టించాడు. "ఇది దాని సేతికే ఇచ్చీండప్పా. తినీమని సెప్పండి. ల్యాబులోకి మట్టుకు తీసికెల్లొద్దని గట్టిగా సెప్పండి."

మూత పడలేదు. రెండుసార్లు అదిమి చూశాడు. చివరికి దాని మీద కూర్చుని, కిందికి వంగి గడియ పెట్టాడు.